ప్రశాంతచంద్ర మహలనోబిస్

కృష్ణానదికి దక్షిణమున పలనాడు మొదలుకొని ఒంగోలు వరకు వ్యాపించియున్న నల్లరేగడి నేలలలో పత్తియు మిరపయు ముఖ్యమైన పంటలు. తొలకరి వానలు పడగానే ఈ సీమలోని రైతునకు ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. ఉన్నది ఐదెకరముల చేను. అందులో పత్తి ఎంత వేయవలెను? మిరప ఎంత నాటవలెను? మిరపకు పెట్టుబడి హెచ్చు, నీరు హెచ్చు, కోతలకు కూలీలు హెచ్చు; ధర పలికినచో రాబడియు హెచ్చు. పత్తికి నీరు అంతగా అక్కరలేదు; కాని తీతల వేళకు కూలీలు దొరకకున్నచో విచ్చిన పత్తి వానకు తడిసి రంగు మారును. చేతిలోని సొమ్ము ఇంత, కాలువ నీరు ఇంత, ఇంటిలో పని చేయువారు ఇందరు. ఈ హద్దులకు లోబడి హెచ్చు రాబడి వచ్చునట్లును, ఒక పంట పోయినను కుటుంబము నిలుచునట్లును చేనును పంచుకొనుట ఎట్లు? రైతు దీనిని అనుభవముతో తేల్చుకొనును. ఇట్టి ప్రశ్నలనే అంకెలలో పెట్టి పరిశీలించెడి శాస్త్రమొకటి ఇరువదవ శతాబ్దమున పుట్టినది. దానిని ఆపరేషన్స్ రిసెర్చి అందురు. పనులు జరుగు తీరును లెక్కలతో పరిశోధించుట అని దాని అర్థము.

నాగార్జునసాగరు కుడికాలువ నీటిని ఏ వంతున వదలినచో శివారు భూముల పైరు ఎండక యుండునో చెప్పుట ఈ శాస్త్రపు పని. మిర్చి అమ్మకముల కాలమున గుంటూరు యార్డునకు ఒక్కొక్కనాడు లక్షకు పైగా బస్తాలు వచ్చును. ఎన్ని కాటాలు, ఎందరు హమాలీలు ఉన్నచో బండ్లు గేటు కడ రాత్రియంతయు నిలువక యుండునో చెప్పుటయు దాని పనియే. చేయవలసిన కార్యము ఒకటి, సాధనములు పరిమితము, మార్గములు పెక్కు. వానిలో మేలైనది ఏదియో ఊహించుట కాక, కొలిచి లెక్కించి తెలిసికొనుట దాని స్వభావము. 1947లో జార్జి డాంట్జిగ్ అను అమెరికా గణితజ్ఞుడు ఇట్టి పంపకపు లెక్కలను వరుసగా సాధించు విధానమును కనిపెట్టెను.

ఈ శాస్త్రమునకు పేరు తెచ్చినది యుద్ధము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, పాట్రిక్ బ్లాకెట్ అను భౌతికశాస్త్రజ్ఞుని నాయకత్వమున బ్రిటిషు సైన్యములో ఒక చిన్న పండిత బృందము ఏర్పడెను. తరువాత బ్లాకెట్ నౌకాదళమునకు పోయెను. అట్లాంటిక్ సముద్రముపై సరకుల ఓడలు గుంపులుగా ప్రయాణించుచుండెను. శత్రువుల జలాంతర్గాములు వానిని ముంచుచుండెను. పెద్ద గుంపు శత్రువు కంట పడుట సులభమని తలచి నావికాధికారులు చిన్న గుంపులనే పంపుచుండిరి. బ్లాకెట్ బృందము మునిగిన ఓడల లెక్క తీసి చూడగా, 40 ఓడలకు మించిన గుంపులలో మునిగినవాని పాలు చిన్న గుంపులలోని పాలులో సగమైనను లేదు. కారణము రేఖాగణితములో నున్నది. కాపుదల ఓడలు కాయవలసినది గుంపు చుట్టుకొలతను. ఓడల సంఖ్య రెట్టింపైనను చుట్టుకొలత రెట్టింపు కాదు. ఈ సంగతి తేలిన పిమ్మట గుంపులను పెద్దవి చేసిరి.

అయితే ఈ పేరు పుట్టుటకు పదునైదేండ్లు ముందే, తుపాకి చప్పుడు లేని చోట, వరద నీటి నడుమ, ఇట్టి ఆలోచననే ఒక భారతీయుడు ఆచరణలో పెట్టియుండెను. ఆయన వంగదేశీయుడు, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడు, ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించెను. ఆ కుటుంబము బ్రహ్మసమాజమునకు చెందినది. తాతగారైన గురుచరణుడు తూర్పు వంగములోని విక్రమపురమునుండి వచ్చి కలకత్తాలో స్థిరపడినవాడు. ప్రశాంతచంద్రుడు బ్రహ్మో బాలుర పాఠశాలలోను, తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి 1912లో పట్టభద్రుడయ్యెను. మరుసటి యేడు ఇంగ్లండునకు పోయెను. లండనులో చదువవలెనని ఆయన సంకల్పము. ఒకనాడు కేంబ్రిడ్జి నగరమును చూడబోయి, అచటి కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరపు సౌందర్యమునకు ముగ్ధుడై తిరుగుచు, లండను పోవు చివరి రైలును తప్పిపోయెను. ఆ రాత్రి ఒక మిత్రుని యింట నిలువవలసి వచ్చెను. మిత్రుని సలహాపై మరునాడు కింగ్స్ కళాశాలలోనే ప్రవేశము కోరగా లభించెను. ఒక రైలు తప్పుటచే ఆయన కేంబ్రిడ్జి విద్యార్థి అయ్యెను.

అచట ఆయనకు శ్రీనివాస రామానుజనుతో స్నేహము కలిగెను. చలికాలమున ఒకనాడు మహలనోబిస్ రామానుజను గదికి పోయి చూడగా, రామానుజను పరుపుపై పరచిన కంబళ్ల పైననే, శాలువ కప్పుకొని వణకుచు పండుకొనుచుండెనని తెలిసెను. కంబళ్ల నడుమ దూరి పండుకొనవలెనని ఆయనకు ఎవరును చెప్పలేదు. మహలనోబిస్ ఆ కంబళ్లను తొలగించి చూపి నేర్పెను.

1915లో భౌతికశాస్త్ర పరీక్షలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన చేయ నిశ్చయించుకొని, సెలవులకై స్వదేశమునకు బయలుదేరెను. యుద్ధము వలన ఓడ ఆలస్యమయ్యెను. ఆ ఖాళీ దినములలో కళాశాల గ్రంథాలయమున ఒక అధ్యాపకుడు ఆయనకు బయోమెట్రికా అను పత్రికను చూపెను. అది జీవుల కొలతలను గణితముతో పరిశీలించెడి సంఖ్యాశాస్త్ర పత్రిక. మహలనోబిస్ దాని సంపుటములన్నిటిని కొని ఓడలో చదువుచు వచ్చెను. మనుష్యుల ఎత్తు, వాన, పంట, నది నీటి మట్టము: ఒకనాడున్నట్లు మరొకనాడుండని ఇట్టి విషయములందును ఒక క్రమమును కనుగొనుటకు సాధనమొకటి కలదని ఆయనకు తోచెను. స్వదేశమున ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము లభించుటచే ఆయన కేంబ్రిడ్జి పరిశోధనకు మరల పోలేదు.

1922లో ఉత్తర వంగమును గొప్ప వరద ముంచెత్తెను. ఇంజనీర్ల సంఘమొకటి వరద నీటిని నిలుపుటకు విస్తారమైన కుంటలు కట్టవలెనని సూచించెను. అందుకు వ్యయము అపారము. కార్యము మొదలిడక పూర్వము ప్రభుత్వము మహలనోబిసును విచారింప కోరెను. ఆయన సుమారు ఏబది యేండ్ల వానల లెక్కలను, వరదల లెక్కలను పక్కపక్కన నుంచి చూచెను. ఆ ప్రాంతముననే కురిసిన కుంభవృష్టి త్వరగా పారిపోవు దారి లేక నిలిచిపోవుటయే వరదకు కారణమని తేలెను. అట్టి నీటికి కుంటలు అక్కరకు రావు. మురుగు పారుటకు మార్గము కావలెను. వ్యర్థమైన వ్యయము తప్పెను.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి వరద వచ్చెను. ఈ మారు ఇంజనీర్లు నది అడుగు ఇసుక మేటలతో పైకి లేచినదనియు, కరకట్టలను మరి కొన్ని అడుగులు ఎత్తు చేయవలెననియు తలచిరి. కృష్ణ కరకట్టల నెరిగిన రేపల్లె ప్రాంతపువారికి ఈ మాట సులభముగా బోధపడును. కట్ట ఎత్తైనకొలది దాని వెనుక జనము నిశ్చింతగా నిద్రించును. కట్ట తెగినచో ప్రమాదమును అంతే ఎత్తుగా వచ్చును. నది అడుగు నిజముగా లేచినదా? మహలనోబిస్ సుమారు అరువదేండ్ల నీటిమట్టపు లెక్కలను, ఎగువ కురిసిన వానల లెక్కలను తిరుగవేసెను. అడుగు లేచినట్లు ఆ లెక్కలలో ఆధారము కనబడలేదు. వరదకు కారణము ఎగువ కొండలలో హెచ్చుగా కురిసిన వానయే. కట్టలు పెంచుట వలన ప్రయోజనము లేదనియు, ఎగువ ఆనకట్టలు కట్టి నీటిని నిలిపినచో వరద తగ్గుటయే గాక పొలములకు నీరును విద్యుచ్ఛక్తియు లభించుననియు ఆయన తెలిపెను. మహానదికిని అట్టి పథకమునకు ప్రాథమికమైన లెక్కలు వేసి చూపెను. ఆ మహానదిపై హిరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభింపబడెను. నడుమ ముప్పది యేండ్లు గడచినవి. లెక్క తేలుట వేరు, పని జరుగుట వేరు.

ఈ పనులన్నియు కళాశాలలో ఆయనకుండిన గదిలోనే జరుగుచుండెను. కొందరు యువకులు చేరి లెక్కలు వేయుచుండిరి. ఆ గదిలో పుట్టినదే భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థ. 1931 డిసెంబరు 17న దానిని స్థాపించుటకు తీర్మానించిరి. 1932 ఏప్రిల్ 28న అది రిజిస్టరు చేయబడెను. మొదటి యేటి ఖర్చు 238 రూపాయలు మాత్రమే. 1933లో సంఖ్య అను పేర ఒక పత్రికయు వెలువడసాగెను.

మహలనోబిస్ చేసిన పనులలో రైతుబిడ్డలు ముఖ్యముగా తెలిసికొనదగినది పంటల లెక్క. వంగదేశమున జనుము వంటి నారపంట యగు జూటు విస్తారముగా పండును. ఎంత పండినదో ముందుగా తెలియకున్నచో ధర వ్యాపారుల చేతిలో నుండును. ప్రభుత్వము ప్రతి చేనును లెక్కింపవలెనని తలచెను. మహలనోబిస్ ఆలోచన వేరు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు గృహిణి ప్రతి మెతుకును పట్టి చూడదు. కాని కుండలోని మెతుకులు కలిసియుండును. దేశములోని చేలు అట్లు కలిసియుండవు. అందుచే చూడవలసిన చేలను అధికారి ఇష్టము చొప్పున గాని, బాట పక్కనున్నవని గాని ఎన్నుకొనరాదు. చీట్లు వేసి తీసినట్లు, ఏ చేనునకైనను సమానమైన అవకాశముండునట్లు ఎన్నుకొనవలెను. దీనినే నమూనా పరిశీలన అందురు.

ఎన్ని నమూనాలు తీయవలెను? ఒక్కొక్కటి ఎంత విస్తీర్ణము గలదై యుండవలెను? ఎక్కువ తీసినచో ఖర్చు పెరుగును, తక్కువ తీసినచో తప్పు పెరుగును. 1937 మొదలుకొని ఐదేండ్లు ఆయన దీనినే పరిశోధించెను. ఉద్యోగి చేలకు నడచుటకు ఎంత కాలము పట్టినది, చేనిలో ఎంత పట్టినది, లెక్క కట్టుటకు ఎంత పట్టినది అను వివరములను సైతము వ్రాయించెను. ఆ వివరములనుండి ఇంత సొమ్మునకు అతి తక్కువ తప్పు వచ్చు మార్గమేదియో గణించెను. ఐదెకరముల రైతు ప్రశ్నయే ఇచట దేశము కొలతకు పెరిగినది. మరియొక ఉపాయమును పన్నెను. ఒకే ప్రాంతమునకు రెండు జట్లను వేరువేరుగా పంపెను. ఇద్దరి లెక్కలును దగ్గరగా నున్నచో నమ్మవచ్చును. దూరముగా నున్నచో ఎచటనో అజాగ్రత్త కలదు. ఊరికి పోకయే చెట్టు నీడన కూర్చుండి పట్టిక నింపువారు ఆ కాలమునను ఉండిరి.

1940 దశకములో ఈ పద్ధతికి పరీక్ష జరిగెను. ప్రభుత్వము ప్రతి చేనును లెక్కింపగా 33,000 మందికి పైగా పనిచేసిరి, సుమారు 82 లక్షల రూపాయలు ఖర్చయ్యెను. సంస్థవారి నమూనా పరిశీలనకు సుమారు 600 మందియు, 8 లక్షల రూపాయలును చాలెను. పంట అమ్ముడుపోయిన పిమ్మట వ్యాపారపు లెక్కలతో పోల్చి చూడగా, నమూనా లెక్క దాదాపు సరిపోయెను. సర్వమును లెక్కించిన లెక్క ఆరింట ఒక వంతు తక్కువ పడెను. అన్నిటిని చూచుట కంటె కొన్నిటిని జాగ్రత్తగా చూచుట మేలైనదని నాటి అధికారులు నమ్ముటకు ఈ పరీక్ష అవసరమయ్యెను.

దిగుబడి కొలుచుటకు చేనిలో ఒక చిన్న భాగమును గుర్తించి కోసి తూచుదురు. ఆ భాగము మరీ చిన్నదైనచో హద్దు మీది మొక్కలను లోపలివిగా ఎంచుటచే దిగుబడి ఉన్నదానికంటె హెచ్చుగా కనబడునని అనుభవము చూపెను. ఎంత చిన్నది చాలునను విషయమున మహలనోబిసునకును, పి. వి. సుఖాత్మే అను మరియొక సంఖ్యాశాస్త్రజ్ఞునకును చాలకాలము వాదము జరిగెను. చిన్న కోతలు చవుకయని ఒకరు, పెద్ద కోతలు నిక్కమని ఒకరు. పత్తి, మిరప పంటలకు ఈ పని మరింత కష్టము. వరివలె ఒక్కమారు కోసిన తీరదు. గుర్తు పెట్టిన చోట ప్రతి తీతకును, ప్రతి కోతకును మరల వచ్చి తూచి, చివర అన్నిటిని కూడవలెను. పంట నష్టపోయిన గ్రామమునకు బీమా సొమ్ము ఎంత రావలెనో ఇట్టి కోత ప్రయోగములను బట్టి నిర్ణయించు పథకములున్నవి. కాటాలో చూపిన అంకె తప్పైనచో ఆ తప్పు రైతు యింటికి చేరును.

1943లో వంగదేశమును ఘోరమైన కరువు పీడించెను. అది తగ్గిన పిమ్మట మహలనోబిస్ తన సహచరులతో గ్రామములందు నమూనా పరిశీలన జరిపి, ఎందరు భూములు అమ్ముకొనిరో, ఎందరు పశువులను పోగొట్టుకొనిరో లెక్క తీసెను. గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన నందన కరువునకు ఇట్టి లెక్క లేదు. అందులో ఎందరు మరణించిరో నేటికిని అంచనాగా చెప్పవలసినదే.

సంస్థకు దేశపు నలుమూలల నుండి యువకులు రాసాగిరి. వారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు అను తెలుగు యువకుడొకడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, యుద్ధకాలమున ఉద్యోగము వెదకుచు కలకత్తా పోయి, 1941 జనవరిలో ఈ సంస్థలో చేరెను. 1945లో, ఇరువదియైదేండ్లు నిండు నాటికి, ఆయన ప్రకటించిన ఒక సిద్ధాంతము నేడు ప్రపంచమునందలి సంఖ్యాశాస్త్ర విద్యార్థులందరును చదువునది. సంస్థ భారము అనంతరకాలమున ఆయనపైననే పడెను. సి. ఆర్. రావు అను పేర లోకప్రసిద్ధుడైన ఆయన 2023లో 102 ఏండ్ల వయసున మరణించెను.

రావుగారు తన గ్రంథమున వివరించిన వృత్తాంతమొకటి ఈ శాస్త్రపు యుక్తిని చక్కగా తెలుపును. 1947లో దేశ విభజన వేళ ఢిల్లీలోని ఎర్రకోటలో వేలాది జనము శరణు పొందిరి. వారికి భోజనము పెట్టు కంట్రాక్టర్లు పంపెడి బిల్లులు పెరుగుచుండెను. లోనికి పోయి తలలు లెక్కించుటకు వీలు లేకుండెను. సంస్థకు చెందిన జె. యం. సేన్‌గుప్త బిల్లులలోని బియ్యము, పప్పు, ఉప్పుల మొత్తములను తీసికొని, మనిషికి దినమునకు ఎంత చొప్పున కావలెనో తెలిసియుండుటచే జనసంఖ్యను గణింప సూచించెను. బియ్యపు లెక్కకు జనము మిక్కిలి ఎక్కువ, ఉప్పు లెక్కకు మిక్కిలి తక్కువ. ఉప్పు చవుక, దానిని పెంచి వ్రాసినందున కంట్రాక్టరునకు లాభము లేదు. అందుచే ఉప్పు లెక్కయే నిజమునకు దగ్గరయని నిశ్చయించిరి.

స్వాతంత్ర్యానంతరము జవాహర్‌లాల్ నెహ్రూ మహలనోబిసును కేంద్ర ప్రభుత్వమునకు సంఖ్యాశాస్త్ర సలహాదారుగా నియమించెను. 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమయ్యెను. ఇంటింట ఏమి తిందురు, ఏమి కొందురు, ఏమి సంపాదింతురు అను విషయములు గ్రామములనుండి ఢిల్లీకి చేరసాగెను. ఆపరేషన్స్ రిసెర్చికి దేశమున తొలి స్థానము తెలుగునాటనే దొరికెను. 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయమున దానికొక విభాగము ఏర్పడెను. 1953లో మహలనోబిస్ తన సంస్థలో దేశ ప్రణాళికకు ఈ శాస్త్రమును ఉపయోగించు కార్యము చేపట్టెను. 1956లో దేశమునకు వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటరు ఆయన సంస్థలోనే నెలకొల్పబడెను.

రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదాను ఆయన 1955లో సిద్ధపరచెను. దేశమునకు గల మూలధనమును ఏ రంగమునకు ఎంత కేటాయించినచో ఆదాయము, ఉద్యోగములు ఎట్లు పెరుగునో సమీకరణములలో చూపెను. ఉక్కు, యంత్రములు తయారు చేయు భారీ పరిశ్రమలకు అందులో పెద్దపీట వేసెను. దేశము పరిశ్రమలలో స్వశక్తిపై నిలుచుటకు ఇది పునాది యయ్యెను. అయితే సేద్యమునకు తగిన పాలు దక్కలేదనియు, ఆహారధాన్యములకై విదేశముల మీద ఆధారపడవలసి వచ్చెననియు విమర్శకులనిరి. ఆ విమర్శలో కొంత న్యాయము కలదు. వరద లెక్కలో నది చెప్పినదే ప్రమాణము. దేశపు లెక్కలో దేనిని ముందు కోరవలెనో గణితము చెప్పజాలదు, మనుష్యులే నిర్ణయింపవలెను.

ఆయన 1945లో లండను రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యెను. 1968లో పద్మవిభూషణ బిరుదమునందెను. భార్య నిర్మలకుమారి, ఆయన ఇరువురును రవీంద్రనాథ ఠాకూరునకు అత్యంత సన్నిహితులు. విశ్వభారతి తొలి దినములలో పదేండ్లు మహలనోబిస్ దాని కార్యదర్శులలో నొకడుగా పనిచేసెను. పట్టుదల మిక్కిలిగా గలవాడగుటచే ఆయనతో పనిచేయుట సులభము కాదని కొందరు సహచరులు తలచిరి. అయినను చివరి దినముల వరకు సంస్థ కార్యములను విడువలేదు.

1972 జూన్ 28వ తేదీన ఆయన కలకత్తాలో మరణించెను. మరునాడు ఆయనకు 79 ఏండ్లు నిండవలసియుండెను. 2007 నుండి ఆ జూన్ 29వ తేదీని దేశమున గణాంక దినముగా జరుపుచున్నారు.